సాయం నొక్కని మగాళ్ళు

గిల్గండూ అనే ఊళ్ళో ఆ శనివారం పొద్దున జరిగిన దెబ్బలాటలో మొత్తం పదకొండు పళ్ళు రాలాయి. అందులో ఏడే నిజం పళ్ళు. మిగతా నాలుగూ మోరీ అనే ముసలాడి కట్టుడు పళ్ళు. అవి ఎగిరెళ్ళి టీ మరిగే డ్రమ్ములో పడ్డాయి. ఆ టీ తర్వాత అందరూ తాగారు కూడా. ఇవాళ కొంచెం చిక్కగా కుదిరిందన్నారంతే.

గొడవంతా దేనికయ్యా అంటే, కంప్యూటర్లో ఆడుకునే కారు పందెం ఆట ఏది కొనాలా అని.

నవ్వకండి. డస్టీ ప్రూయిట్‌కి అది ప్రాణం మీది సంగతి.

డస్టీకి డెబ్బై దాటాయి. ఎడమకాలు మోకాలి కింద నుంచి లేదు. అక్కడొక ఇనప గొట్టం, గొట్టానికి కింద బూటు. కుర్రతనంలో ఆ చుట్టుపక్కల మట్టి ట్రాకుల మీద వాణ్ణి కొట్టినోడు లేడు. వాడి ఎర్ర హోల్డెన్ కారు వచ్చిందంటే ఆ దుమ్ముకి మూడు ఊళ్ళ అవతల కోళ్ళు పొద్దుగూకిందనుకుని గూళ్ళకెళ్ళిపోయేవి. బాథర్స్ట్ కొండ మీద జరిగే పెద్ద పందానికి వాణ్ణి ఎంచుకున్నారు కూడా. ఇంకో మూడు వారాల్లో పందెం. ఈలోపు మట్టి ట్రాకు మీద ఆఖరి మలుపు దాటిన తిన్నటి దారిలో ఒక నీలం ఫోర్డు అదుపు తప్పి, ఎదురు తిరిగొచ్చి ముందు నుంచి గుద్దింది. ఇంజను లోపలికొచ్చేసింది. క్లచ్చి పెడలు కాలి మీదకి మడతపడింది. గంటన్నర పాటు రేకులు కోసి వాణ్ణి బయటికి తీశారు. కాలు మాత్రం బయటికి రాలేదు.

ఆ నీలం ఫోర్డు తోలినోడు క్లారీ వోగన్. డస్టీకి సొంత బామ్మర్ది. డస్టీ పెళ్ళాం బెరిల్‌కి ఒక్కగానొక్క తమ్ముడు.

ఇది జరిగి ముప్పై నాలుగేళ్ళు. క్లారీ ఏనాడూ క్షమించమనలేదు, డస్టీ ఏనాడూ ఆ ఊసెత్తలేదు. క్రిస్మస్‌కి ఒకే బల్ల మీద ఒకే హామ్ మాంసం తింటారు. అక్టోబర్లో కొండ పందెం రోజున మాత్రం టీవీ ముందు ఎర్ర కారు గొప్పా నీలం కారు గొప్పా అని మొదలెట్టి, పెరట్లోకి పోయి ఒకణ్ణొకడు కుమ్ముకుంటారు. బెరిల్ ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో నర్సుగా చేసిన మనిషి. ఆ రోజు పొద్దున్నే బంగాళదుంపలతో పాటు సూదీ దారమూ ఉడకేసి ఉంచుద్ది.

ఇక ఆట సంగతి. ఊళ్ళో పని మానేసిన మగాళ్ళంతా శనివారం చేరే రేకుల షెడ్డొకటుంది. విరిగిన కుర్చీలు, మొరాయించిన గడ్డి మిషన్లు బాగుచేస్తారు, టీ తాగుతారు, మాంసం కూరిన పై రొట్టెలు తింటారు. మూతపడిన బడి వాళ్ళు రెండు కంప్యూటర్లు ఇస్తే వీళ్ళు ఊరుకుంటారా? తుక్కు లారీ సీట్లు రెండు పీకి, ఇనప చట్రాల్లో వెల్డింగ్ చేసి, స్టీరింగులు బిగించి, కింద మూడేసి పెడళ్ళు పెట్టి, రెండూ ఒకే పందెంలో ఆడేలా తీగతో కలిపి తయారుచేశారు. మూడు ఆటలు నెల రోజులు ఊరికే ఆడి చూసుకోవచ్చు. తర్వాత ఒకటే కొనగలరు.

మొదటి ఆట పిల్లలది. కారు గోడకి గుద్దుకుంటే బంతిలా ఎగిరి నక్షత్రాలు రాలతాయి. అది మొదటి రోజే పోయింది. గుద్దితే సొట్ట పడని కారు దేనికి?

రెండోది తేలికది. గేర్లు వాటంతట అవే పడతాయి. రెండు పెడళ్ళు చాలు. పై తింటూ కూడా తోలొచ్చు.

మూడోది అసలుది. టైరు వేడెక్కకపోతే జారిపోద్ది. ఆ బాథర్స్ట్ కొండ మీద రోడ్డుని గుంట గుంటా కొలిచి ఆటలోకి దించారు. క్లచ్చి తొక్కాలి, గేరు మార్చాలి. మొదలయ్యే ముందు తెర మీద ఒక వరస వస్తది: "సాయం: కావాలి, వద్దు". కావాలి అని నొక్కితే క్లచ్చి సంగతి ఆటే చూసుకుంటది.

అయితే నొక్కొచ్చుగా అంటారు మీరు. మీరు గిల్గండూలో పుట్టలేదు. ఈ మోరీయే ఉన్నాడుగా, షెడ్డు పెద్ద, ఒకసారి పొలంలో ట్రాక్టరు వాడి మీద తిరగబడింది. పక్క పొలం వాడు కంచె దగ్గర ఆగి "బాగున్నావా మోరీ?" అంటే, కింద నుంచి "బాగానే ఉన్నా, నీడలో పడుకున్నా" అన్నాడు. రెండు రోజులు అలాగే పడుకున్నాడు. మూడో రోజు వాడి కుక్క ట్రాక్టరుని లేపింది. అలాంటి ఊళ్ళో, పదిహేను మంది మగాళ్ళు చూస్తుండగా, అందులోనూ క్లారీ చూస్తుండగా, డస్టీ "సాయం కావాలి" అని నొక్కుతాడా? రెండో కాలు కూడా కోసి ఇస్తాడు గానీ నొక్కడు.

ఒక మంగళవారం ఎవరూ లేనప్పుడు షెడ్డు తలుపేసుకుని ప్రయత్నించాడు. గొట్టంకాలితో క్లచ్చి తొక్కితే బూటు జారి కిందికి పోయింది. పన్నెండు సార్లు కారు ఆగిపోయింది, బయల్దేరిన చోటే. ఎదురుగా తెర మీద ఆ కొండ. ముప్పై నాలుగేళ్ళుగా కలలో ఎక్కుతున్న కొండ. చూసి చూసి, కంప్యూటరు ఆపేసి ఇంటికెళ్ళిపోయాడు.

అందుకని తేలికది రావాలి. అందులో ఎవడికీ క్లచ్చి లేదు. ఎవడూ ఎవణ్ణీ సాయం అడగక్కర్లేదు. అదీ వాడి లెక్క.

శనివారం ఓట్లు. తేలికదానికి బోల్టు, అసలుదానికి నట్టు, ఖాళీ రంగు డబ్బాలో వెయ్యాలి.

"ఓటుకి ముందు ఒక మాట," అని లేచాడు క్లారీ. గుండ్రాయిలాంటి మనిషి, మెడ ఉందో లేదో ఎవరూ చూళ్ళేదు. "ఆ తేలికది కొంటే మనం పెట్టిన మూడో పెడలు దేనికి? కోటు తగిలించుకోడానికా?"

"నీ కోటు ఎవడిక్కావాల్రా?" అన్నాడు డస్టీ. "శనివారం పూట సరదాగా ఆడుకోడానికొస్తాం. పరీక్ష రాయడానికి కాదు."

"సరదాకైతే లూడో ఆడుకో బావా. బెరిల్ అక్క పావులు జరుపుద్ది."

ఇద్దరు ముగ్గురు ఇకిలించారు. డస్టీ మెడ ఎర్రబడింది.

"నువ్వు తోలడం గురించి మాట్లాడతావేంట్రా? తిన్నగా ఉన్న రోడ్డు మీద పోతున్నవాణ్ణి గుద్దినోడివి!"

ముప్పై నాలుగేళ్ళలో ఆ మాట బయటికి రావడం అదే మొదలు. పై మీద వాలిన ఈగ కూడా ఆగి చూసింది.

క్లారీ మొహం సున్నంలా అయింది. "ఓట్లు వెయ్యండి," అన్నాడు మెల్లిగా.

వేశారు. మోరీ డబ్బా బోర్లించి లెక్కపెట్టాడు. ఎనిమిది బోల్టులు, ఎనిమిది నట్లు.

"సమానం," అన్నాడు మోరీ. "సమానమైతే ఏం చెయ్యాలో మన రూల్సు కాగితంలో లేదబ్బాయ్."

"నాకు తెలుసు," అన్నాడు డస్టీ, క్లారీ మొహం మీద గుద్దాడు.

ఆ గుద్దు సామాన్యమైంది కాదు. క్లారీ ముక్కు ఎడమ చెంప మీదకి కాపురం మార్చింది. నెత్తురు చిమ్మి రేకుల గోడ మీద పడి, ఎండకి అక్కడికక్కడే ఆరిపోయింది. క్లారీ వెనక్కి రెండడుగులు వేసి, ముక్కుని చేత్తో మధ్యకి తోసుకుని, తలకాయ వంచి పొట్టేలులా వచ్చి డస్టీ పొట్టలో పొడిచాడు. ఇద్దరూ కలిసి పైల బల్ల మీద పడ్డారు. బల్ల రెండు ముక్కలు. టమాటా సాసేదో నెత్తురేదో ఇక ఎవడికీ తెలీలేదు.

మోరీ విడదియ్యడానికి మధ్యలోకొచ్చాడు. ఎవడి మోచెయ్యో తగిలి పళ్ళు టీలోకి పోయాయి. "నా పల్లు!" అని బోసినోటితో అరిచి, ఎదురుగా ఎవడుంటే వాడి చెవి పీకాడు. ఆ చెవి నట్టు వేసినోడిది. దాంతో నట్ల జట్టంతా లేచింది. బోల్టుల జట్టు ఊరుకుంటదా? అరవై దాటినోళ్ళు పదహారు మంది ఒకణ్ణొకడు పట్టుకుని బాదుకున్నారు. ఒకడు కుర్చీ ఎత్తి ఇంకొకడి వీపున కొట్టాడు. కుర్చీ విరిగాక, "అరెరె, ఇది పొద్దున నేనే బాగుచేశాను కదరా" అని ఏడ్చాడు, ఏడుస్తూనే కాలు పట్టుకు కొట్టాడు. మనిషి కాలు కాదు, కుర్చీ కాలు. ఒకడి వేలు ఇంకొకడి నోట్లో ఉంది. ఇద్దరూ వదలరు. రేకులు అదిరిన చప్పుడికి చెట్ల మీది గులాబీ చిలకలన్నీ ఒక్కసారి లేచి వేరే జిల్లాకి పోయాయి, మళ్ళీ ఎండాకాలం దాకా రాలేదు.

మధ్యలో డస్టీ, క్లారీ. మిగతావాళ్ళది అలవాటు దెబ్బలాట. వీళ్ళది కాదు. క్లారీ కనుబొమ్మ చీలి కంట్లోకి కారుతోంది. డస్టీ పక్కటెముక ఒకటి లోపల కలుక్కుమంది. ఊపిరి తీస్తే కత్తి దిగినట్టుంది. అయినా ఆపలేదు. ఒక్కో గుద్దుకీ ఆ ఆగిపోయిన కారు, ఆ జారిన బూటు గుర్తుకొస్తున్నాయి.

"బయల్దేరిన చోటే ఉండిపోయానురా," అంటున్నాడు పళ్ళు కొరుకుతూ. "నీ వల్ల బయల్దేరిన చోటే ఉండిపోయాను."

క్లారీది ఎడమకాలి వాటం. డస్టీ మంచి కాలు, కుడికాలు చూసుకుని గురిపెట్టి, కాలు వెనక్కి తీసి, ఉన్న బలమంతా పెట్టి తన్నాడు. సరిగ్గా అప్పుడే వెనక నుంచి ఎవడో చొక్కా లాగితే డస్టీ గిర్రున తిరిగాడు. కుడికాలు ఉండాల్సిన చోటుకి ఇనప గొట్టం వచ్చింది.

టంగ్ మంది. చర్చి గంటనుకుని పాస్టరు భార్య టోపీ పెట్టుకుని బయల్దేరిందని చెప్పుకుంటారు. ఆ గంట వెనకాలే వేరుసెనక్కాయలు నలిపినట్టు చిటచిట చప్పుడు. క్లారీ కాలి వేళ్ళు. మూడు విరిగాయి. బొబ్బ పెట్టి, ఒంటికాలి మీద గెంతుకుంటూ వెనక్కిపోయి, మూలనున్న పనిబల్ల మీద పడ్డాడు. బల్ల మీద కప్పిన పట్టా జారి, అందులోంచి ఒక ఇనప కడ్డీ దొర్లి కింద పడింది.

డస్టీ దాన్ని అందుకున్నాడు. మూరెడు కడ్డీ, బరువైంది, చేతికి బాగా కుదిరింది. రెండు చేతులా తల పైకెత్తాడు. కింద క్లారీ వెల్లకిలా పడి ఉన్నాడు. ఒక కన్ను మూసుకుపోయింది. రెండో కన్నుతో పైకి చూస్తున్నాడు. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

"కొట్టు," అన్నాడు. "కొట్టు బావా. ఇన్నాళ్ళూ ఎందుకాగావో నాకర్థం కాలేదు."

డస్టీ కొట్టేవాడే. ఆ క్షణంలో తల పగలగొట్టి ఉండేవాడే. కానీ చేతిలో కడ్డీ తల దగ్గర ఏదో నున్నగా, గుండ్రంగా తగిలింది. బొటనవేలు దానంతట అదే వెళ్ళి ఒక సొట్టలో కూర్చుంది. ఆ సొట్ట ఆ వేలికి తెలుసు. ఆ వేలే పదేళ్ళు రుద్ది రుద్ది చేసిన సొట్ట అది.

కిందికి దించి చూశాడు. తన ఎర్ర కారు గేరు కడ్డీ పిడి. ఎర్ర రంగు, పైన పగిలిన గీత.

పిడి కింద మోటారు సైకిలుకి ఉన్నట్టు వేళ్ళతో నొక్కే మీట. మీటకి కేబులు. కేబులు చివర కొక్కెం. డస్టీ మట్టిబుర్ర కాదు, మెకానిక్కు. ఒక్కసారి చూస్తే చాలు. పిడి మీద చెయ్యి పెట్టి మీట నొక్కితే కేబులు లాగుద్ది, కింద క్లచ్చి పెడలు దిగుద్ది. కాలు అక్కర్లేదు.

చుట్టూ కొట్లాట ఒక్కొక్కటే ఆగింది. వేలు నోట్లో ఉన్నోడు వేలు తీసుకున్నాడు.

"ఏంట్రా ఇది?" అన్నాడు డస్టీ.

"ఏదో. ఖాళీగా ఉండి చేశా."

"ఈ పిడి ఎక్కడిది?"

"నీ కారు తుక్కుకి పోయిన రోజు పీకాను."

"ముప్పై నాలుగేళ్ళు దాచావా?"

క్లారీ నెత్తురు ఉమ్మాడు. "చిన్న వస్తువేగా. ఎక్కడో చోట పడుంటదని."

"అందుకా వెధవా, అసలుదే కావాలని అంత గోల చేశావు? ఆ ముక్క చెప్పొచ్చుగా?"

"నువ్వు అడగలేదుగా!"

"నువ్వు చెప్తే కదరా అడగడానికి!"

"నువ్వు అడిగితే కదా చెప్పడానికి!"

డస్టీ కడ్డీని జాగ్రత్తగా పనిబల్ల మీద పెట్టాడు. వంగి, క్లారీ చొక్కా పట్టుకుని లేపి నిలబెట్టి, ఉత్త చేత్తో దవడ మీద ఇంకొక్కటి ఇచ్చాడు. "లూడో అన్నందుకు," అన్నాడు.

"సరే," అన్నాడు క్లారీ, ఒక పన్ను చేతిలోకి ఉమ్ముకుని జేబులో వేసుకుంటూ. "పానా తీసుకురండ్రా. బిగిద్దాం."

బిగించారు. డస్టీ ఎర్ర కారు ఎంచుకున్నాడు. తెర మీద ఆ వరస వచ్చింది. సాయం: కావాలి, వద్దు. వద్దు అని నొక్కాడు. ఎడమచెయ్యి పిడి మీద వేసి, బొటనవేలు సొట్టలో పెట్టి, మీట నొక్కి, గేరు వేసి వదిలాడు.

కారు కదిలింది.

రోడ్డు ఎడమకి తిరిగి కొండ ఎక్కడం మొదలెట్టింది. పదిహేను మంది నెత్తురోడుతూ వెనక నిలబడి ఊపిరి బిగబట్టారు. పైకెళ్ళాక గోడలు రెండు పక్కలా దగ్గరికొచ్చాయి. డస్టీ పక్కటెముక ఒక్కో మలుపుకీ పొడుస్తోంది. చెమటా నెత్తురూ కలిసి గడ్డం మీంచి కారుతున్నాయి. దిగుడులో ఒకసారి గోడకి రాసుకుని తలుపు ఊడింది. ఊడితే ఊడింది. చివరి మలుపు తిరిగి, బారుగా ఉన్న దారి మీదకొచ్చి, బయల్దేరిన చోటు దాటాడు.

మోరీ బోసినోటితో "పర్లేదు" అన్నాడు. గిల్గండూలో ఇంతకు మించిన పొగడ్త ఇంకా కనిపెట్టలేదు.

"ఇప్పుడు నువ్వు రారా," అన్నాడు డస్టీ. "పక్క సీట్లో కూర్చో. తోలడం వచ్చో రాదో చూద్దాం."

క్లారీ కుంటుకుంటూ ఎక్కి నీలం కారు ఎంచుకున్నాడు. ఎడమకాలు క్లచ్చి మీద పెట్టాడు. "అమ్మో!" అని పైకప్పు అదిరేలా అరిచాడు. విరిగిన వేళ్ళు. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అరిచాడు. మొహం చెమటలు. కారు బయల్దేరిన చోటే ఆగిపోయింది.

షెడ్డంతా చూస్తోంది. క్లారీ తెర మీద ఆ వరస చూస్తున్నాడు. చెయ్యి బొత్తాం దాకా పోవడం, వెనక్కి రావడం. ఆ బాధ డస్టీకి తెలుసు. మంగళవారం నుంచి తెలుసు.

పక్కకి వంగి, బొటనవేలితో, అందరికీ వినబడేలా టప్పున నొక్కాడు. సాయం: కావాలి.

"మా బామ్మర్దికి కాలు బాలేదు," అన్నాడు. "ఎవడికన్నా ఏమన్నా అనాలనుందా?"

మోరీ ముందుకొచ్చి, "నాగ్గూడా మోకాలు పట్టేత్తందబ్బాయ్," అన్నాడు. "నాకు కుడి కన్ను మసక," అన్నాడు చెవి తెగినోడు. "నాకసలు గేర్లంటే మొదట్నించీ అర్థం కాదు," అన్నాడు కుర్చీ విరిచినోడు, యాభై ఏళ్ళు లారీ తోలినోడు. అలా డస్టీ తప్ప పదహారులో పదిహేను మందీ సాయం కావాలన్నారు. ఆ వేళ షెడ్డు అసలుదే కొన్నది, సాయంతో. ఓట్ల కోసం వెతకలేదు. నట్లూ బోల్టులూ కిందపడ్డ పై రొట్టెల్లో కలిసిపోయాయి.

ఈలోపు బెరిల్ వచ్చింది. సూదీ దారం సంచిలో ఉంది, పక్క వీధికి వినబడిందట గంట. తలుపులో నిలబడి ఒకసారి చూసి, చేతులు కడుక్కుంది. తమ్ముడి కనుబొమ్మ దగ్గర మొదలెట్టింది.

"కదలకురా."

"కదలకుండా తోలడమెలాగక్కా?" అన్నాడు క్లారీ. నీలం కారు కొండ దిగి, ఆ బారు దారి మీద పట్టిన వేగంతో వస్తోంది. "చూడు బావా! చూడు, గీత మీదే ఉన్నా! ఒక్క అంగుళం పక్కకి పోలేదు!"

డస్టీ చూశాడు. మీట నొక్కి, గేరు మార్చి, దారి మధ్యలో ఎర్ర కారుని వెనక్కి తిప్పాడు. తలుపు లేని కారు, ఎదురు దారిలో. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ మార్చాడు. రెండు, మూడు, నాలుగు.

"బావా," అన్నాడు క్లారీ. "బావా, నువ్వు ఎటొస్తున్నావు?"

"తిన్నగా," అన్నాడు డస్టీ.

రెండు కార్లూ ముక్కూ ముక్కూ గుద్దుకున్న చప్పుడికి ఆ చిన్న స్పీకర్లు రెండూ పగిలిపోయాయి. నీలం ఫోర్డు గాల్లోకి లేచి, చక్రాలు నాలుగు దిక్కులా పోయి, గోడ మీద పడి నుజ్జయింది. ఎర్ర హోల్డెన్‌లో మిగిలింది స్టీరింగు ఒకటే.

క్లారీ నోరు తెరుచుకుని తెర వైపు చూశాడు. తర్వాత బావ వైపు చూశాడు. ముందు క్లారీ భుజాలు కదిలాయి, తర్వాత డస్టీవి. ఇద్దరూ పొట్టలు పట్టుకుని, విరిగిన ఎముకలన్నీ పొడుస్తుంటే, అయ్యో అమ్మో అనుకుంటూ పగలబడి నవ్వారు.

"నవ్వకండిరా," అంది బెరిల్, సూది పైకెత్తి పట్టుకుని. "కుట్లు తెగుతున్నాయి."